కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి చెబితే మన కేసు కదులుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న. ఒకరిది ఈఏడీ (అమెరికాలో ఉద్యోగం చేసుకోనిచ్చే కార్డు), ఒకరిది టాక్స్ రీఫండు, ఒకరిది పసిబిడ్డ పాస్‌పోర్టు, కానీ అందరూ చివరికి అడిగేది మాత్రం "కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి చెబితే పనవుతుందా మేడమ్" అనే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. నాకు దీని గురించి కాస్త తెలుసు, ఎందుకంటే పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక ఓ రెండేళ్లు ఒక హౌస్ మెంబర్ (అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో దిగువ సభ సభ్యులు, మనం కాంగ్రెస్‌మన్ అనేది వీళ్లనే) నియోజకవర్గ ఆఫీసులో సరిగ్గా ఇలాంటి కేసులు చూసే డెస్క్ దగ్గరే పనిచేశాను. ఏ పార్టీ అని అడగొద్దు, ఆ డెస్క్ దగ్గర దానితో పనిలేదు.

ఉత్తరాల్లోకి వెళ్లేముందు ఒక్క మాట. మనకి లెటర్ అనగానే తిరుమల బ్రేక్ దర్శనం లెటర్ గుర్తొస్తుంది. ఎమ్మెల్యే గారి లెటర్ ఉంటే లైను మారుతుంది. ఆ అలవాటుతోనే ఇక్కడా ఫోన్ చేస్తాం. ఇక్కడి ఆఫీసు రాసే లెటర్‌లో ఉండేది "ఈ మనిషి ఫైలు ఎక్కడుంది, ఎందుకాగింది, మాకు చెప్పండి" అని, అంతే. ఆ అడగడానికి కూడా బలం ఉంది, ఎందుకంటే ప్రతి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఏజెన్సీలోనూ కాంగ్రెస్ నుంచి వచ్చే ప్రశ్నలకి జవాబివ్వడానికే విడిగా మనుషులు ఉంటారు, మీరు కాల్ సెంటర్‌కి పది సార్లు ఫోన్ చేసినా తెరవని ఫైలుని వాళ్లు ఒకసారి తెరిచి చూస్తారు. తెరిచాక అందులో ఏముందన్నది మీ కేసుని బట్టి.

"మేడమ్, నాది హెచ్4 (హెచ్1 ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) ఈఏడీ. రెన్యూవల్ వేసి ఐదు నెలలైంది, కార్డు ఇంకో 40 రోజుల్లో ఎక్స్‌పైర్ అవుతుంది. మా మేనేజరు మంచావిడే కానీ డేటు దాటితే ఉద్యోగం ఉంచలేమన్నారు. మావారు కాంగ్రెస్‌మన్ వెబ్‌సైట్‌లో ఫారం నింపి పది రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడేం చేయాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది." (ఫ్రిస్కో, టెక్సస్)

ముందు ఇది చూడండమ్మా: ఆ ఫారంలో సంతకం ఎవరిది? "మావారు నింపి పంపారు" అని రాశారు కాబట్టి నా అనుమానం అక్కడే ఉంది. ఐ-765 (ఈఏడీ ఫారం) అప్లికేషను మీది, కాబట్టి దాని వివరాలు బయటికి చెప్పడానికి అనుమతి ఇవ్వాల్సింది మీరే. 1974 నాటి ప్రైవసీ యాక్ట్ ప్రకారం మీ రాతపూర్వక అనుమతి లేకుండా ఏజెన్సీ కాంగ్రెస్ ఆఫీసుకి కూడా ఏమీ చెప్పదు. ఆ అనుమతి పత్రాన్నే ప్రైవసీ రిలీజ్ అంటారు. ఇదివరకు ప్రింట్ తీసి, సంతకం పెట్టి, ఫ్యాక్సు చేసే గోల ఉండేది, 2019లో చట్టం చేశాక ఆన్‌లైన్‌లో ఇచ్చే వీలు వచ్చింది, అయినా కొన్ని ఆఫీసులు ఇప్పటికీ పెన్నుతో పెట్టిన సంతకమే అడుగుతాయి. నేను డెస్క్ దగ్గర ఉన్నప్పుడు ఒకాయన రోజుకి రెండుసార్లు ఫోన్ చేసేవారు, భార్య కేసు గురించి, పాపం చాలా మర్యాదగా. ఫారం మీద పేరు ఆవిడది, సంతకం ఆయనది. ఏజెన్సీ నుంచి ఒక్క లైను జవాబు: అప్లికెంట్ అనుమతి లేదు. మూడు వారాలు అలా పోయాయి. అప్పటినుంచీ ఏ ఫారం వచ్చినా నేను ముందు అట్టడుగున సంతకం చూసి, ఆ తర్వాతే పైకి చదవడం మొదలుపెట్టాను.

సంతకం మీదే అయితే పది రోజులు మౌనం మామూలే. ఫోన్ చేయండి. వాషింగ్టన్ ఆఫీసుకి కాదు, మీ దగ్గర్లో ఉన్న నియోజకవర్గ ఆఫీసుకి. "ఇమిగ్రేషన్ కేస్‌వర్కర్‌తో మాట్లాడాలి" అనండి. ఒక్కో హౌస్ మెంబర్‌కి పర్మనెంట్ స్టాఫ్ 18 మందికి మించకూడదని పరిమితి ఉంది, అందులో వాషింగ్టన్‌లో ఉండేవాళ్లు పోను ఇమిగ్రేషన్ చూసేది ఒకరో ఇద్దరో. నియోజకవర్గంలో జనం సుమారు 7.6 లక్షలు. ఒక్క ఈమెయిల్ కింద పడిపోవడం ఎంత తేలికో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు అసలు విషయం. యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ అప్లికేషన్లు చూసే ఏజెన్సీ) వెబ్‌సైట్‌లో ప్రాసెసింగ్ టైమ్స్ పేజీ తెరిచి, మీ ఫారం, కేటగిరీ (మీది సీ26), ఆఫీసు పెట్టి, మీ రిసీట్ డేటు కొట్టండి. ఏ తేదీ తర్వాత ఎంక్వైరీ వేయొచ్చో అదే చెబుతుంది. ఆ తేదీ రాకముందు మామూలు ఎంక్వైరీ వేయిస్తే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు: కేసు సాధారణ గడువులోనే ఉంది, ఓపిక పట్టండి. మీకున్న 40 రోజుల్లో పదిహేనో ఇరవయ్యో ఆ జవాబుకే ఖర్చయిపోతాయి. ఆ తేదీ ఇంకా రాకపోతే ఎంక్వైరీ వదిలేసి ఎక్స్‌పెడైట్ (కేసు ముందుగా చూడమనే రిక్వెస్ట్) అడగండి. తీవ్రమైన ఆర్థిక నష్టం, అత్యవసర మానవతా కారణం, ఏజెన్సీ వాళ్ల స్పష్టమైన పొరపాటు, ఇలా కొన్ని కారణాలకే దాన్ని చూస్తారు. కార్డు కావాలి అన్న ఒక్క ముక్క చాలదు. మీ మేనేజరు అన్న మాటని కంపెనీ లెటర్‌హెడ్ మీద తెప్పించండి, ఫలానా తేదీ తర్వాత ఉద్యోగంలో ఉంచడం కుదరదు అని తేదీతో సహా. దానితోపాటు ఇంటి లోను, డే కేర్ ఫీజు, ఇన్సూరెన్స్ మీ ఉద్యోగం మీదే ఉంటే ఆ కాగితం, ఏవి నిజమో అవి పెట్టండి. ముందు మీరే కాంటాక్ట్ సెంటర్‌లో గానీ ఆన్‌లైన్ అకౌంట్‌లో గానీ ఎక్స్‌పెడైట్ వేసి, ఆ రిక్వెస్ట్ నంబరు కేస్‌వర్కర్‌కి ఇచ్చి, దీని మీద మీరూ అడగండి అని చెప్పండి. చేతిలో నంబరూ కాగితాలూ ఉంటే ఆవిడకి మీ తరఫున మాట్లాడటం సులువు.

ఇంకొకటి, చాలామంది చూసుకోరు. హెచ్4 ఎక్స్‌టెన్షన్ అయితే గానీ హెచ్4 ఈఏడీ రాదు. మీవారి హెచ్1 ఎక్స్‌టెన్షన్, మీ ఐ-539 (హెచ్4 ఎక్స్‌టెన్షన్ ఫారం), మీ ఐ-765 మూడూ కలిపి వేశారనుకోండి, పైన హెచ్1 ఆగితే కింద మీ కార్డు ఎవరు ఎంత అడిగినా కదలదు. మూడు రిసీట్ నంబర్లూ ముందు పెట్టుకుని ఏది అయిందో ఏది కాలేదో చూడండి. ఆగింది హెచ్1 అయితే ఆ పిటిషను కంపెనీది, దాని మీద కాంగ్రెస్ ఎంక్వైరీకి సంతకం పెట్టాల్సింది కూడా కంపెనీయే, అప్పుడు ప్రీమియం ప్రాసెసింగ్ (అదనపు ఫీజు కట్టి త్వరగా చూడమనడం) అడగడమే దగ్గరి దారి.

పాత రోజుల్లో అయితే ఇంత కంగారు పడనిచ్చేదాన్ని కాదు, రెన్యూవల్ పెండింగ్‌లో ఉంటే పాత కార్డు మీద పని కొనసాగించే వీలుండేది. 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యూవల్స్‌కి ఆ ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేశారు. కాబట్టి కార్డు డేటు దాటిన మర్నాటి నుంచి లాగిన్ కూడా అవ్వొద్దు, "ఇంటి నుంచే కదా, ఎవరు చూస్తారు" అనే స్నేహితుల మాట అసలు వినొద్దు. వచ్చేసారి ఎక్స్‌పైరీకి 180 రోజుల ముందే వేయొచ్చు, క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టేసుకోండి.

"నమస్కారం మేడమ్ గారూ. మా కోడలికి న్యూజెర్సీలో నెలలు నిండుతున్నాయి. నాకూ మా ఇంటావిడకీ హైదరాబాద్‌లో విజిటర్ వీసా రెండుసార్లు రిజెక్ట్ చేశారు. అక్కడి ఎంపీ గారు ఉత్తరం రాస్తే ఇస్తారని మావాడి స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?" (ఖమ్మం)

బాబాయ్ గారూ, నిష్ఠూరంగా అనిపించినా ఉన్నది చెబుతాను. రిజెక్ట్ అయినప్పుడు మీ చేతికిచ్చిన కాగితం మీద 214(బి) అని ఉందా? ఉంటే అది "మీరు తిరిగి వెళ్లిపోతారని నాకు నమ్మకం కుదరలేదు" అని ఆఫీసరు అన్నట్టు. విజిటర్ వీసాకి వచ్చిన ప్రతి ఒక్కరూ ఇక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే అనుకుని మొదలుపెట్టమని వాళ్ల చట్టమే చెబుతుంది, కాదని చూపించాల్సింది మనం. ఆ నిర్ణయం కిటికీ అవతల ఉన్న ఆఫీసరుది, దానికి అప్పీలు లేదు, సెనేటర్ (ఎగువ సభ సభ్యులు) రాసినా దాన్ని తిప్పలేరు. మీ అబ్బాయి వాళ్ల కాంగ్రెస్ ఆఫీసు రాస్తే కాన్సులేట్ మర్యాదగా జవాబిస్తుంది, ఫలానా సెక్షన్ కింద తిరస్కరించాం, పరిస్థితి మారితే మళ్లీ అప్లై చేసుకోవచ్చు అని. అది మీకు ఇప్పటికే తెలిసిన విషయం.

అదే 221(జి) అని ఉంటే కథ వేరు. అంటే ఇంకా ఏదో కాగితమో పరిశీలనో మిగిలి ఉంది, ఫైలు తెరిచే ఉంది. నెలలు గడిచినా కదలకపోతే అప్పుడు మీ అబ్బాయి అక్కడి ఆఫీసులో ఎంక్వైరీ వేయించడంలో అర్థం ఉంది. అడగాల్సింది అబ్బాయే, ఆ నియోజకవర్గంలో ఉంటున్నది తనే కాబట్టి. మీ పాస్‌పోర్టు కాపీ, డీఎస్-160 (వీసా అప్లికేషను ఫారం) నంబరు, మీ సంతకంతో అనుమతి పత్రం మీరు పంపాలి.

మూడోసారి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కి వెళ్లేముందు రెండు రిజెక్షన్లలోనూ మిమ్మల్ని ఏం అడిగారో, మీరేం చెప్పారో ఇంటావిడా మీరూ కూర్చుని గుర్తు తెచ్చుకోండి. చాలామంది పెద్దవాళ్లు కోడలి పురుడు పోయడానికి, బిడ్డని చూసుకోవడానికి ఆర్నెల్లు ఉంటాం అని ధైర్యంగా చెప్పేస్తారు. అందులో తప్పు లేదు, కానీ వెనక్కి ఏం ఉందన్నది చెప్పరు. పెన్షనో, పొలమో, పెళ్లికావలసిన అమ్మాయో, ఏది నిజమో అది రెండు ముక్కల్లో చెప్పండి. బ్యాంకులో ఎవరివో డబ్బులు వారం రోజులు వేసి బ్యాలెన్స్ చూపించే పని మాత్రం వద్దు.

"మా కాంగ్రెస్‌మన్ ఎవరో తెల్లాయన, మన బాధ ఆయనకేం అర్థమవుతుంది? ఇల్లినాయ్‌లో రాజా కృష్ణమూర్తి, కాలిఫోర్నియాలో రో ఖన్నా, ఇలా మనవాళ్లున్నారు కదా, వాళ్ల ఆఫీసుకి రాయొచ్చా?" (షార్లెట్, నార్త్ కరోలినా)

రాయొచ్చు, వాళ్లు దాన్ని మీ సొంత మెంబర్‌కి పంపిస్తారు లేదా అక్కడికే వెళ్లమంటారు. ఒకరి నియోజకవర్గం కేసు ఇంకొకరు పట్టుకోకపోవడం వాళ్లలో వాళ్లకి ఎప్పటినుంచో ఉన్న మర్యాద. మీ ఇల్లు ఏ నియోజకవర్గంలో ఉందో ఆయనే మీ మనిషి, మీకు ఒక హౌస్ మెంబరు, ఇద్దరు సెనేటర్లు, ముగ్గురే. హౌస్ వెబ్‌సైట్‌లో జిప్ కోడ్ కొడితే పేరొస్తుంది, ఒకే జిప్ రెండు నియోజకవర్గాల్లో పడితే పూర్తి అడ్రస్ అడుగుతుంది. ముగ్గురికీ ఒకేసారి పెట్టకండి. ఏజెన్సీలో మూడు ఎంక్వైరీలు ఒకదాని మీద ఒకటి పడి, ముగ్గురు కేస్‌వర్కర్లూ మిగతా ఇద్దరు చూస్తున్నారులే అనుకుంటారు. ఒకరితో మొదలుపెట్టి, అక్కడ తేలకపోతే సెనేటర్ దగ్గరికి.

తెల్లాయనకి అర్థమవుతుందా అన్నారు కాబట్టి చెబుతున్నా, ఆయన మీ ఫైలు చూడడు. చూసేది కేస్‌వర్కరు, మీవాళ్లెక్కువ ఉన్న ఊరైతే ఆవిడకి ఐ-140కీ ఐ-485కీ (రెండూ గ్రీన్ కార్డు దారిలో వచ్చే ఫారాలు) తేడా మీకన్నా బాగా తెలుసు.

"హెచ్1 ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. డ్రైవింగ్ లైసెన్స్ రెన్యూవల్‌కి వెళితే రిసీట్ చెల్లదని ఒకసారి, సిస్టమ్‌లో వెరిఫికేషన్ రాలేదని ఇంకోసారి వెనక్కి పంపారు. పిల్లల్ని స్కూల్లో దింపడానికి పక్కింటివాళ్లని అడుక్కోవాల్సి వస్తోంది. కాంగ్రెస్ ఆఫీసుకి రాశాను, ఇది మా పరిధి కాదన్నారు." (పేరు, ఊరు వద్దన్నారు)

వాళ్లు చెప్పింది సగం నిజం. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. కాంగ్రెస్ మెంబర్‌కి మీ డీఎంవీ (లైసెన్సులిచ్చే రాష్ట్ర ఆఫీసు) మీద మాట చెల్లదు, దానికి మీ స్టేట్ రిప్రజెంటేటివ్, స్టేట్ సెనేటర్ ఉంటారు, మన ఎమ్మెల్యేల్లాగా రాష్ట్ర రాజధానిలో కూర్చునేవాళ్లు. వీళ్ల ఉనికి మనలో చాలామందికి తెలియదు, అందుకే వాళ్ల దగ్గర క్యూ తక్కువ, ఫోన్ చేస్తే మనిషి ఎత్తే అవకాశం ఎక్కువ. కౌంటర్‌లో రిసీట్ చెల్లదన్నారు చూశారూ, అది వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాల్సిన సమస్య. వెళ్లేముందు మీ రాష్ట్ర డీఎంవీ సైట్‌లో హెచ్1 వాళ్లకి ఏయే కాగితాలు చెల్లుతాయో ఉన్న పేజీ ప్రింట్ తీసుకోండి. కౌంటర్‌లో ఉన్నామెకి రూల్ తెలియకపోవడం ఒకటి, రాష్ట్రం రూలే అలా ఉండటం ఒకటి. మొదటిదైతే ఒక్క ఫోన్‌తో తీరిపోతుంది.

రెండోసారి చెప్పిన "వెరిఫికేషన్ రాలేదు" మాత్రం వేరే తీగ. డీఎంవీ మీ స్టేటస్‌ని సేవ్ అనే ఫెడరల్ సిస్టమ్‌లో చూస్తుంది, అది నడిపేది యూఎస్‌సీఐఎస్. అక్కడ వెంటనే సరిపోలకపోతే అదనపు వెరిఫికేషన్‌కి వెళ్లి కూర్చుంటుంది. డీఎంవీ వాళ్లని సేవ్ కేసు నంబరు అడిగి తీసుకోండి, ఇవ్వం అంటే మర్యాదగా మళ్లీ అడగండి, సేవ్ సైట్‌లోనే కేస్‌చెక్ అని ఉంటుంది, అందులో ఎక్కడుందో చూసుకోవచ్చు. అక్కడే ఇరుక్కుని ఉంటే అది ఫెడరల్ సమస్య, అప్పుడు ఆ నంబరు పట్టుకుని మళ్లీ కాంగ్రెస్ ఆఫీసుకి వెళ్లండి. ఈసారి "లైసెన్స్ రావట్లేదు" అని మొదలుపెట్టకండి, "సేవ్ వెరిఫికేషన్ ఫలానా తేదీ నుంచి పెండింగ్" అని మొదలుపెట్టండి. లైసెన్స్ అన్న మాట వినగానే వాళ్లు మిమ్మల్ని రాష్ట్రానికి పంపేస్తారు, పోయినసారి జరిగింది అదే.

అన్నట్టు, గడువులోపు ఎక్స్‌టెన్షన్ వేస్తే ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అయిపోయాక 240 రోజుల వరకు ఉద్యోగం చేసుకోవచ్చన్నది ఉద్యోగానికే, లైసెన్స్‌కి అది వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి. ఎక్స్‌పైర్ అయిన లైసెన్స్‌తో కారు తీయకండి. పక్కింటివాళ్లకి ఓ రోజు బిర్యానీ పంపండి, సరిపోతుంది.

"టాక్స్ రీఫండు ఆరు నెలలుగా రాలేదు. ఐడెంటిటీ వెరిఫై చేయమని లెటర్ వస్తే చేశాం, తర్వాత ఏ కబురూ లేదు." (ఎడిసన్, న్యూజెర్సీ)

5071సి లెటర్ అయి ఉంటుంది. వెరిఫై చేశాక తొమ్మిది వారాల వరకు పట్టొచ్చని ఐఆర్ఎస్సే (ఫెడరల్ టాక్స్ శాఖ) చెబుతుంది, అది దాటితే అడగండి. టాక్స్‌పేయర్ అడ్వకేట్ సర్వీస్ అని ఐఆర్ఎస్ లోపలే, కానీ మన తరఫున మాట్లాడే విభాగం ఒకటుంది, ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక ఆఫీసు ఉంటుంది. ఫారం 911 నింపి నేరుగా మీరే పంపొచ్చు. కాంగ్రెస్ ఆఫీసుకి వెళ్లినా వాళ్లు పంపేది ఆ విభాగానికే. ఇంటి అద్దె ఆగడం, కరెంటు కట్ నోటీసు లాంటివి ఉంటే ఆ కాగితాలు జతచేయండి, డబ్బు ఇబ్బంది ఉన్న కేసులు ముందు చూస్తారు. జాయింట్ రిటర్న్ కాబట్టి ఇద్దరూ సంతకం పెట్టేయండి, ఒకరిది చాలు అన్నా సరే.

"మా నాన్నగారికి విజయవాడలో ఐసీయూలో సీరియస్‌గా ఉంది. నేను, మావారు వెళ్లగలం, కానీ రెండు నెలల పాపకి పాస్‌పోర్టే లేదు." (కమింగ్, జార్జియా)

ఈ ఉత్తరం మెయిల్‌లో రాగానే ఆవిడకి విడిగా జవాబిచ్చాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ. కాంగ్రెస్ ఆఫీసు నిజంగా చెయ్యి అందించగలిగే పని ఏదైనా ఉందంటే అది అమెరికా పాస్‌పోర్టే. దగ్గరి కుటుంబసభ్యులు ప్రాణాపాయంలో ఉండి రెండు వారాల్లోపు ప్రయాణం అయితే దానికి విడిగా అత్యవసర అపాయింట్‌మెంట్లు ఉంటాయి, తాతగారు ఆ లెక్కలోకి వస్తారు. నేషనల్ పాస్‌పోర్ట్ సెంటర్ నంబరు 1-877-487-2778. వాళ్లు దగ్గర్లో స్లాట్ లేదంటే అప్పుడు కాంగ్రెస్ ఆఫీసుకి ఫోన్ చేయండి, ఈమెయిల్ పెట్టి కూర్చోకండి. హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద డాక్టరు సంతకంతో ఇంగ్లీషులో ఒక లెటర్, టికెట్ బుకింగ్, పాప బర్త్ సర్టిఫికెట్. పదహారేళ్లలోపు పిల్లలకి తల్లీతండ్రీ ఇద్దరూ రావాలి, ఒకరు రాలేకపోతే డీఎస్-3053 (రాలేని వారి అనుమతి ఫారం) మీద నోటరీ చేయించాలి. బర్త్ సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదంటే ముందు కౌంటీ ఆఫీసుకి పరుగెత్తండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆ తర్వాత పాపకి ఇండియా వీసా కావాలి కదా, అక్కడ కాంగ్రెస్ ఆఫీసు ఏమీ చేయలేదు. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఆలస్యమైనా, మీ ఇండియన్ పాస్‌పోర్టు రెన్యూవల్ ఆగినా అంతే, అది మన దేశం వ్యవహారం. దానికి విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్ ఉంది, అందులో గ్రీవెన్స్ వేయండి, మీ ప్రాంతం కాన్సులేట్ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయండి. ఊళ్లో మీ ఎంపీ తెలిసినవారైతే ఇక్కడ ఆయన ఉత్తరానికి విలువుంటుంది, ఎందుకంటే ఆయన అడిగేది ఆయన ప్రభుత్వాన్నే.

"అక్కా, నేను ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీద పనిచేసుకునే అనుమతి) మీద ఉన్నాను. ఓటు లేదు, సిటిజన్‌ని కాదు. ఇలా కంప్లైంట్ పెడితే నా పేరు ఎక్కడైనా మార్క్ అయిపోతుందేమోనని భయం." (డాలస్)

ఓటుతో పనిలేదు తమ్ముడూ, ఆ నియోజకవర్గంలో నివాసం ఉంటే చాలు. ఎంక్వైరీ వేసినందుకు కేసు చెడిపోయినట్టు నా రెండేళ్లలో ఒక్కటీ చూడలేదు. కంప్లైంట్ అన్న మాట కూడా మనసులోంచి తీసెయ్, ఏజెన్సీ వాళ్లకి రోజూ వచ్చే ఎంక్వైరీల్లో ఇదొకటి. కానీ ఒక జాగ్రత్త. నువ్వు రాసింది రాసినట్టు ఏజెన్సీకి వెళ్తుంది. ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటిపోయి ఉంటే, ఎక్కడైనా పోలీసు కేసు ఉంటే, కాలేజీతో ఏదైనా తేడా ఉంటే, ముందు లాయర్ దగ్గర కూర్చో, కాంగ్రెస్ ఆఫీసు తర్వాత. వాళ్లు లీగల్ సలహా ఇవ్వరు, ఇవ్వకూడదు. కేసు కోర్టుకి వెళితే వాళ్లు పక్కకి తప్పుకుంటారు.

గ్రీన్ కార్డు ప్రయారిటీ డేట్ (ఆ లైనులో మన చోటు చెప్పే తేదీ) ముందుకి జరిపించమని అడిగినవాళ్లు ఈ నెల నలుగురు ఉన్నారు, వాళ్లకీ ఇక్కడే చెప్పేస్తున్నా. ఏడాదికి ఉద్యోగాల మీద ఇచ్చేవి సుమారు లక్షా నలభై వేలు, ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదని చట్టం. ఆ లైను మార్చాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలి, కేస్‌వర్కర్ చేసే పని కాదు. డేట్ కరెంట్ అయ్యాక కూడా ఫైలు కదలకపోతే అప్పుడు రండి.

"మా అసోసియేషన్‌లో ఒకాయన ఎలక్షన్లకి బాగా డొనేషన్లిస్తారు. రెండు వేలు ఇస్తే తన మనిషి ద్వారా కాంగ్రెస్ ఎంక్వైరీ వేయిస్తానంటున్నారు." (పేరు రాయలేదు)

ఇవ్వకండి. ఈ సేవకి పైసా ఖర్చు లేదు, ఫారం వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, ఆయన మీ దగ్గర రెండు వేలు తీసుకుని చేసేది కూడా ఆ ఫారం నింపడమే. అదీగాక డొనేషన్‌కీ ఈ పనికీ ముడిపెట్టడం అక్కడ చాలా పెద్ద విషయం. 1987లో ఐదుగురు సెనేటర్లు తమ ఎన్నికలకి డబ్బిచ్చిన చార్లెస్ కీటింగ్ అనే ఒక బ్యాంకింగ్ ఆసామి కోసం రెగ్యులేటర్లని పిలిచి మాట్లాడారు. 1989లో ఆయన సంస్థ కుప్పకూలింది, వేలమంది పెద్దవాళ్ల దాచుకున్న డబ్బు పోయింది. ఆ ఐదుగురిలో జాన్ గ్లెన్, జాన్ మెకెయిన్ లాంటి పేర్లున్నాయి. అందరిలోకీ గట్టిగా తగిలింది అలన్ క్రాన్‌స్టన్‌కి, 1991లో ఎథిక్స్ కమిటీ ఆయన్ని మందలించింది. ఆ మరుసటేడు సెనేట్ ఏకంగా ఒక రూలే పెట్టుకుంది, ఎవరికి సాయం చేయాలన్నది విరాళం చూసి నిర్ణయించకూడదని. మీ అసోసియేషన్ పెద్దమనిషి "నేను చెప్పాను" అని ఫోన్ చేస్తే కేస్‌వర్కర్ మీ ఫైలు విషయంలో మరింత జాగ్రత్త పడుతుంది, మరింత తొందర పడదు.

"మీరు పోయినసారి చెప్పినట్టు చేస్తే మా కేసు క్లియర్ అయింది మేడమ్. ఆ ఆఫీసులో అమ్మాయికి ఆత్రేయపురం పూతరేకులు ఇచ్చి రావాలని మా అత్తగారి కోరిక." (నేపర్‌విల్, ఇల్లినాయ్)

అత్తగారికి నా నమస్కారాలు. కానీ చేసిపెట్టిన పనికి బదులుగా ఏదీ పుచ్చుకోకూడదని వాళ్లకి రూలుంది, బాక్సు పట్టుకెళితే ఆ అమ్మాయి ఇబ్బంది పడుతుంది. నాకూ ఒకసారి కాజు కత్లీ డబ్బా వచ్చింది, మూత కూడా తీయకుండా వెనక్కిచ్చాను, ఆ సాయంత్రమంతా మనసు పీకుతూనే ఉంది. ఆవిడకి ఒక మెయిల్ పెట్టండి: రిసీట్ నంబరు, ఏ తేదీన అప్రూవ్ అయింది, కార్డు చేతికి వచ్చిందా లేదా, చివర థాంక్స్. చాలామంది పనయ్యాక ఆ ఒక్క లైను రాయరు, వాళ్ల దగ్గర ఫైలు తెరిచే ఉండిపోతుంది, అయిపోయిన కేసు కోసం ఆ అమ్మాయి ఏజెన్సీకి మళ్లీ రిమైండర్ పంపుతూ ఉంటుంది.